ఉడికిస్తే చాలా? గాలాలు, గుల్లలు, ఒక ఆదివారం ప్లాన్

ప్రశ్న: మేం రెండు కుటుంబాలు, మా తమ్ముడి స్నేహితులు ఇద్దరు కలిసి ఒక ఆదివారం సముద్రం దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నాం. గాలాలు వేద్దామని, నీళ్ళు తగ్గినప్పుడు గుల్లలు ఏరుకుందామని. మాలో ఎవరికీ పెద్దగా అనుభవం లేదు. పిల్లలు ఇద్దరున్నారు, ఒకడికి ఆరేళ్ళు, పెద్దదానికి పదకొండు. రాళ్ళ మీద నిలబడితేనే పెద్ద చేప పడుతుందని తమ్ముడు అంటాడు. ఏ గుల్లైనా బాగా ఉడికిస్తే ఏమీ కాదని బావగారు అంటారు. మామగారికి లివర్ జబ్బు ఉంది, ఆయనా వస్తానంటున్నారు. ఏం కొనాలి, రోజంతా ఎలా ప్లాన్ చేసుకోవాలి, ఎవరి మాట వినాలి? నాకైతే అప్పుడే టెన్షన్ మొదలైంది.

జవాబు: ముందు బావగారి సంగతి చూద్దాం. ఆయన మాటలో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. సరిగ్గా ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది, వైరస్‌లు కూడా పోతాయి. కానీ గుల్లల్లో చేరే అసలు విషాలు ప్రాణమున్నవి కావు, అవి రసాయనాలు. ఎంతసేపు ఉడికించినా, వేయించినా, ఫ్రీజర్‌లో పెట్టినా, నిమ్మరసం పిండినా ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

అవి ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తే బావగారికి చెప్పడం తేలిక. గుల్లలు, మసెల్స్, ఆల్చిప్పలు తిండి వెతుక్కుంటూ తిరగవు. ఉన్నచోటే ఉండి నీళ్ళు లోపలికి లాక్కుని, అందులో కంటికి కనిపించనంత చిన్న నాచును వడకట్టుకుని తింటాయి. పెద్ద ఆల్చిప్ప ఒక్కటి, అన్నీ అనుకూలిస్తే, రోజుకి వంద లీటర్ల పైన నీళ్ళు వడకట్టగలదు. ఆ నాచులో కొన్ని రకాలు విషం తయారు చేస్తాయి, అవి ఒక్కసారిగా పెరిగినప్పుడు ఆ విషమంతా గుల్ల ఒంట్లో పోగవుతుంది. గుల్లకి మాత్రం ఏమీ కాదు, శుభ్రంగా బతికే ఉంటుంది, తట్టితే మూసుకుంటుంది, వాసన రాదు, రుచి మారదు. నీళ్ళు ఎర్రగా ఉంటేనే ప్రమాదమని చాలామంది నమ్ముతారు, అదీ తప్పే. నీళ్ళు తేటగా ఉన్నా విషం ఉండొచ్చు, ఎర్రబడ్డ నీళ్ళన్నీ విషం కాకపోవచ్చు. వెండి చెంచా నల్లబడుతుంది, వెల్లుల్లి రంగు మారుతుంది అనే పరీక్షల్ని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

1793లో కెప్టెన్ వాంకూవర్ ఓడలోని మనుషులు కొందరు, ఇప్పటి కెనడా పడమటి తీరంలో, పొద్దున్నే మసెల్స్ కాల్చుకుని తిన్నారు. కొన్ని గంటల్లోనే జాన్ కార్టర్ అనే నావికుడు చనిపోయాడు, ఇంకా కొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. అప్పుడంటే తెలియని రోజులనుకోవచ్చు. 1987లో అదే దేశం తూర్పు వైపున, ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో పెంచిన మసెల్స్ తిని వంద మందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు, బతికినవాళ్ళలో కొందరికి కొత్త విషయాలు గుర్తుండటం శాశ్వతంగా పోయింది. అక్కడ కారణం డొమోయిక్ ఆమ్లం అనే ఇంకో విషం. అవి వండుకుని తిన్న గుల్లలే.

కాబట్టి నియమం ఒక్కటే. మీరు వెళ్ళే తీరంలో గుల్లల్ని ప్రభుత్వ శాఖ ఎవరైనా క్రమం తప్పకుండా పరీక్ష చేసి ఇక్కడ ఏరుకోవచ్చు, ఇక్కడ కూడదు అని ప్రకటిస్తోందా? ప్రకటిస్తుంటే బయల్దేరే రోజు పొద్దున చూడండి, కిందటి వారం చూసింది లెక్కలోకి రాదు. అలాంటి పరీక్షలే లేని తీరమైతే ఏరండి, పిల్లలకి చూపించండి, ఎక్కడివక్కడ పెట్టేసి రండి, తినకండి. ఇందులో బేరం లేదు. ఎప్పటినుంచో తింటున్నవాళ్ళు అక్కడుంటారు, వాళ్ళకేమీ కాలేదు కదా అని బావగారు అంటారు, అది నాకు ముందే తెలుసు. నాచు ఏడాది పొడుగునా ఉండదు, వచ్చిన వారం ఏదో చెప్పి రాదు.

పరీక్ష చేసిన తీరమే అయినా తిన్న అరగంట నుంచి రెండు గంటల లోపు పెదాలు, నాలుక జిల్లుమంటే, వేళ్ళు తిమ్మిరెక్కితే, తూలినట్టుంటే ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. ఇలా తిమ్మిరెక్కించే నాచు విషం పేరు సాక్సిటాక్సిన్, దానికి విరుగుడు మందు లేదు, ఊపిరి ఆడకుండా పోతే యంత్రంతో శ్వాస అందించి, విషం ఒంట్లోంచి పోయేదాకా కాపాడతారు. సమయానికి చేరితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. పడుకుంటే తగ్గుతుందిలే అని ఊరుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక ప్లాన్. రోజు మొత్తం ఆటుపోట్ల మీద ఆధారపడి ఉంటుంది, మీ వీలు మీద కాదు. పాటు అంటే నీళ్ళు పూర్తిగా వెనక్కి తగ్గిన వేళ, పోటు అంటే నిండుగా వచ్చిన వేళ. ఎక్కువ తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పాటు నుంచి పోటుకి దాదాపు ఆరుంపావు గంటలు, రోజురోజుకీ ఈ వేళలు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ఇప్పుడు మీ ఆదివారం సంగతి లెక్క వేసుకోండి. ఈ ఆదివారం ఉదయం తొమ్మిదికి పాటు ఉంటే, ఏడు రోజుల తర్వాత అదే తొమ్మిదికి నీళ్ళు దాదాపు నిండుగా ఉంటాయి, పాటు మధ్యాహ్నం మూడు దగ్గరికి జరుగుతుంది. పైగా అమావాస్య, పౌర్ణమి చుట్టూ నీళ్ళు బాగా లోపలికి పోతాయి, అష్టమి చుట్టూ అంత తగ్గవు. అంటే ఒక ఆదివారం బాగుంటే దాని తర్వాతిది బాగోదు, ఆ పై వారం మళ్ళీ బాగుంటుంది. సెలవు చూసి తేదీ పెట్టుకుని తర్వాత ఆటుపోట్ల పట్టిక తెరిచేవాళ్ళు చాలామంది అక్కడే దెబ్బతింటారు. ముందు పట్టిక చూడండి, అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా, ఉదయం పాటు ఉన్న ఆదివారం పట్టుకోండి. పట్టిక మీరు వెళ్ళే చోటిదే అయి ఉండాలి, కాస్త పక్క రేవుకే వేళ మారిపోవచ్చు. కొన్ని తీరాల్లో రోజుకి ఒకే పోటు ఉంటుంది, మధ్యధరా సముద్రం లాంటి చోట్ల చాలావరకు తేడా కంటికి ఆనదు, కెనడాలోని ఫండీ అఖాతంలో అదే తేడా 16 మీటర్ల దాకా పోతుంది.

అలాంటి ఆదివారం దొరికితే రోజు దానంతట అదే కుదురుతుంది. తొమ్మిదికి పాటు అనుకుందాం. ఏడింటికల్లా అక్కడుండండి. తగ్గుతున్న నీళ్ళ వెనకే వెళ్తూ గుల్లలు ఏరండి. తొమ్మిది కొట్టగానే బుట్టలో ఎన్ని ఉన్నా వెనక్కి తిరగండి. గాలాలు ఆ తర్వాత. ఒడ్డునుంచి వేసేవాళ్ళకి చాలా చోట్ల నీళ్ళు పెరుగుతున్నప్పుడే చేప దగ్గరికొస్తుంది, ఎందుకంటే ఇందాకటిదాకా ఎండలో ఉన్న ఇసుకలోంచి, రాళ్ళ సందుల్లోంచి పురుగులు, చిన్న పీతలు నీళ్ళలోకి వస్తాయి, వాటి కోసం అవి వస్తాయి. అంటే పదిన్నర నుంచి రెండు మూడు దాకా గాలాలకి మంచి వేళ. ఈ వరస తిరగేసి, పొద్దున గాలాలు వేసి మధ్యాహ్నం గుల్లలకి బయల్దేరారా, పెరుగుతున్న నీళ్ళకి ఎదురు నడుస్తున్నట్టే.

ఆ తొమ్మిది గంటల మాట మీద పట్టుదలగా ఉండమనడానికి కారణం ఉంది. నీళ్ళు ఒకే వేగంతో పెరగవు. మీ తీరంలో పోటుకీ పాటుకీ తేడా మూడు మీటర్లనుకోండి, మొదటి గంటలో పావు మీటరు పెరుగుతుంది, రెండో గంటలో అర మీటరు, మూడు, నాలుగు గంటల్లో ముప్పావు మీటరు చొప్పున. మొదటి గంట చూసి ఇంకా చాలా టైముందిలే అనుకున్నవాళ్ళకి మూడో గంట వేరేలా ఉంటుంది. చదునైన ఇసుక మేటల మీద ఇంకో మోసం కూడా ఉంది. నీళ్ళు ఎదురుగా కనిపించే అలల వైపునుంచే వస్తాయని మనం అటే చూస్తుంటాం, కానీ మనకీ ఒడ్డుకీ మధ్య, వచ్చేటప్పుడు చీలమండ లోతులో దాటిన కాలవ ఉంటుంది చూడండి, అది ముందు నిండుతుంది. కాళ్ళ కింద పొడి ఇసుకే ఉంటుంది, వెనక దారి మూసుకుపోయి ఉంటుంది. 2004 ఫిబ్రవరి 5 రాత్రి ఇంగ్లండ్‌లోని మోర్‌కాంబ్ బేలో కాకిల్ గుల్లలు ఏరుతున్న చైనా కూలీలు కనీసం 21 మంది ఇలాగే పోటుకి చిక్కి చనిపోయారు. వాళ్ళది బతుకుతెరువు, చీకట్లో పంపించారు. సరదాకి వెళ్ళేవాళ్ళకి ఆ బలవంతం లేదు, కాబట్టి చీకట్లో, పొగమంచులో మేటల మీదికి అసలు వెళ్ళకండి. పట్టికలో రాసిన ఎత్తు కూడా గాలిని బట్టి మారుతుంది. సముద్రంనుంచి ఒడ్డుకి గట్టిగా గాలి వీస్తే నీళ్ళు చెప్పినదానికంటే ముందే, ఎక్కువే వస్తాయి.

బురదలో కాలు దిగిపోతే గుంజకండి, గుంజినకొద్దీ రెండో కాలు దిగుతుంది. వెనక్కి వాలి కూర్చున్నట్టు బరువు పరిచి, కాలు అటూ ఇటూ ఆడిస్తూ నెమ్మదిగా వదిలించుకోవాలి. రాకపోతే పక్కవాళ్ళు దగ్గరికి వచ్చి వాళ్ళూ దిగబడకుండా వెంటనే ఫోన్ చేసి సాయం పిలవాలి.

తమ్ముడి రాళ్ళ గురించి. అతను చెప్పింది అబద్ధం కాదు, రాళ్ళ పక్కన లోతు ఎక్కువ, చేప ఉంటుంది. అయినా ఈసారికి వద్దనే చెబుతాను. సరదాగా గాలం వేసేవాళ్ళకి ఉన్నవాటిలో ఇది చాలా ప్రమాదమైన పద్ధతి, అలవాటున్నవాళ్ళే అలకి కొట్టుకుపోతుంటారు. సముద్రం చాలాసేపు ఒకే తీరుగా ఉండి ఉన్నట్టుండి రెండు మూడు పెద్ద అలలు వరసగా పంపుతుంది. మీరు చూసిన పదో అలని బట్టి ఇరవయ్యో అల ఎంత ఉంటుందో చెప్పలేరు. తర్వాతెప్పుడైనా వెళ్తే లైఫ్ జాకెట్ వేసుకోవాలి, పట్టున్న బూట్లు ఉండాలి, ముందు దూరంగా పొడి రాతి మీద అరగంట నిలబడి అలలు ఎక్కడిదాకా వస్తున్నాయో చూడాలి. రాయి తడిగా ఉందంటే, నల్లటి జారుడు నాచు పట్టి ఉందంటే అక్కడిదాకా అల వస్తోందనే అర్థం, మీరు చూసిన అరగంటలో రాకపోయినా సరే. సముద్రానికి వీపు పెట్టకూడదు. పిల్లలు అక్కడ ఉండనే కూడదు. ఈ మాటలు విని తమ్ముడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి. రెయిలింగ్ ఉన్న వంతెన లాంటి పియర్, లేదా నెమ్మదిగా లోతయ్యే ఇసుక తీరం మీకు సరిపోతుంది. చేప చిన్నది పడితే పడింది.

ఎవరైనా నీళ్ళలో పడితే వెనకే దూకకండి. రెండో మనిషి కూడా పోవడం ఇలాగే జరుగుతుంది. మూత గట్టిగా వేసిన ఖాళీ ఐస్‌బాక్స్ తేలుతుంది, అది విసరండి, తాడు ఉంటే విసరండి, వెల్లకిలా తేలమని అరవండి, ఇంకొకరు ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు, మీరున్న చోటుని ఎలా చెప్పాలో బయల్దేరే ముందే అందరి ఫోన్‌లోనూ ఉండాలి.

పిల్లల దగ్గర నేను చెప్పేది కాస్త కఠినంగా ఉంటుంది. నీళ్ళ దగ్గర ఒక్కో పిల్లవాడికి ఒక్కో పెద్దమనిషి, ఆ మనిషి చేతిలో గాలం ఉండకూడదు, ఫోను కూడా. అందరం ఉన్నాం కదా, అందరం చూస్తాం అంటే ఎవరూ చూడరు. చేప లాగిన క్షణంలో ఎంత బాధ్యత గలవాడైనా తల తిప్పేస్తాడు. గంటకొకరు చొప్పున మారండి, మారేటప్పుడు ఇప్పటినుంచి నువ్వు అని నోటితో చెప్పుకోండి. పెద్దమ్మాయి సొంతంగా గాలం వెయ్యగలదు. ఆరేళ్ళవాడికి చేప కంటే బకెట్లో పీతే ఎక్కువ ఆనందం, వాడిని గంటసేపు గాలం పట్టుకుని నిలబడమంటే ఇద్దరికీ శిక్ష.

రాళ్ళ గుంటల్లో పిల్లలు చేతులు పెడతారు కాబట్టి ఒకటి రెండు చెప్పాలి. శంకువులా ఉండి మీద అందమైన గీతలు, మచ్చలు ఉండే కోన్ నత్తల్ని వెచ్చని సముద్రాల్లో బతికున్నప్పుడు తాకకూడదు, వాటికి విషపు ముల్లు ఉంటుంది, అందులో పెద్ద జాతులు మనిషిని చంపగలవు, విరుగుడు లేదు. కాబట్టి నత్తగుల్ల ఎంత ముద్దొచ్చినా జేబులో వేసుకోకూడదని ముందే చెప్పండి. లోతు తక్కువ ఇసుక నీళ్ళలో అడుగులు ఎత్తి వెయ్యకుండా కాళ్ళు ఈడ్చుకుంటూ నడవండి, టేకు చేపలు ఇసుకలో కప్పుకుని పడుకుంటాయి, కాలు తగలక ముందే ఆ కదలికకి లేచి పోతాయి. వాటి తోక ముల్లు దిగితే ఆ కాలిని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. నీళ్ళ వేడి దెబ్బ తగలనివాళ్ళు చెయ్యి పెట్టి చూడాలి, బాధలో ఉన్న మనిషికి కాలుతున్నదీ తెలియదు. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు. ముల్లు ఛాతీలోనో పొట్టలోనో దిగితే వేడి నీళ్ళు, గీళ్ళు ఏమీ వద్దు, పీకకుండా నేరుగా ఆస్పత్రికే.

కొనాల్సినవి చాలా తక్కువ. షాపులో చూపించిందల్లా కొనకండి. ఆరేడు అడుగుల రాడ్, స్పిన్నింగ్ రీల్, నాలుగైదు కిలోల బరువు ఆపే నైలాన్ లైన్, చిన్న సైజు గాలాలు, కొన్ని గుండ్లు, ఒక పటకారు, ఒక కొలత బద్ద. పియర్ మీదినుంచి వెయ్యడానికి ఇది చాలు. పెద్ద గాలం వేస్తే పెద్ద చేప పడుతుందనుకుంటారు, నిజానికి చిన్న గాలానికి చిన్నదీ పడుతుంది, పెద్దదీ పడుతుంది, పెద్ద గాలానికి చాలాసార్లు ఏదీ పడదు. ఇద్దరికి ఒక రాడ్ చొప్పున సరిపోతుంది, చేప లేనప్పుడు రెండోవాళ్ళు విశ్రాంతి తీసుకుంటారు.

ముడి మాత్రం ఇంట్లోనే నేర్చుకోండి. లైన్ కొసని గాలం కంట్లోంచి దూర్చి, ఒక జానెడు బయటికి లాగి, ఆ కొసని అసలు లైన్ చుట్టూ ఐదుసార్లు చుట్టండి. ఇప్పుడు గాలం కన్ను పక్కనే చిన్న సందు మిగులుతుంది, కొసని అందులోంచి దూర్చండి, అలా దూర్చినప్పుడు ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి మళ్ళీ దూర్చండి. బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలహీనపడి సరిగ్గా అక్కడే తెగుతుంది. నెమ్మదిగా లాగితే చుట్లు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా సర్దుకుంటాయి. ఒకదానిమీద ఒకటి ఎక్కితే కోసేసి మళ్ళీ మొదలుపెట్టండి. పెద్దమ్మాయికి పెద్ద గాలం ఇచ్చి, మొన మీద బెండు ముక్క గుచ్చి, ఒక సాయంత్రం నేర్పండి, మీకంటే తొందరగా నేర్చుకుంటుంది.

గాలం మొన దగ్గర ఎదురు ముల్లు ఉంటుంది కదా, దాన్ని పటకారుతో నొక్కి చదును చేసెయ్యండి, అన్ని గాలాలకీ. ఒకటి రెండు చేపలు జారిపోతాయేమో, పోనివ్వండి. వదిలేయాల్సిన చేపని గాయం లేకుండా వదలొచ్చు, మీ వేలికి గుచ్చుకున్నా వచ్చిన దారినే బయటికి వస్తుంది. ముల్లుతో సహా లోతుగా దిగితే, కంటి దగ్గరైతే అసలే, లాగకండి, లైన్ కోసేసి అలాగే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గాలం విసిరే ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి చూడాలి, పిల్లలు ఎప్పుడు వెనక చేరతారో తెలియదు. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది, పైన తీగలున్న చోట ఎత్తకండి, ఉరుము వినబడితే రాడ్ కింద పెట్టి కారెక్కండి.

గుల్లలు ఏరేటప్పుడు కొలత బద్ద చేతిలో ఉంచుకోండి. చాలా చోట్ల ఏ జాతి ఎంత సైజు ఉండాలి, మనిషికి ఎన్ని, ఏ నెలల్లో కూడదు, లైసెన్స్ కావాలా అనే నియమాలుంటాయి, మీ తీరానివి ముందే చదవండి. ఆ లెక్క ఏరిన మనిషికి వర్తిస్తుంది, ఒడ్డున కుర్చీలో కూర్చున్న మామగారి వాటా కూడా మీరే ఏరేస్తామంటే చాలాచోట్ల కుదరదు. తవ్విన గుంతని పూడ్చండి, ఇది మర్యాద కోసం చెప్పట్లేదు. గుంత పక్కన పోసిన ఇసుక కుప్ప కింద చిన్న గుల్లలు ఊపిరాడక చస్తాయి, గుంతలో మిగిలినవి ఎండకి, పక్షులకి పోతాయి. పొట్ట కింద గుడ్ల గుత్తి ఉన్న పీత దొరికితే, నియమం ఉన్నా లేకపోయినా, వదిలెయ్యండి. మురుగు కాలవ కలిసే చోట, పడవలు లంగరేసే రేవుల్లో, పెద్ద వాన పడిన రెండు మూడు రోజుల్లో ఏరకండి.

ఇంటికి తెచ్చేది బతికే ఉండాలి. నోరు తెరిచి ఉన్న గుల్లని వేలితో తట్టండి, మూసుకుంటే మంచిది, మూసుకోకపోతే పారెయ్యండి. పగిలినవీ పారెయ్యండి. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెట్టకండి, మంచినీళ్ళలో నానబెట్టకండి, రెండిట్లోనూ చస్తాయి. తడి గుడ్డ కప్పి, చల్లగా, గాలి ఆడేలా తీసుకురండి. ఇసుక కక్కించడానికి శుభ్రమైన సముద్రపు నీళ్ళలో కానీ, లీటరుకి 35 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళలో కానీ కొన్ని గంటలు, చల్లటి చోట ఉంచితే చాలు. ఇలా కక్కిస్తే పోయేది ఇసుకే, విషం కాదు. బావగారు ఇది కూడా అడుగుతారు. ఉడికేటప్పుడు నోరు తెరిచాక వెంటనే దించకండి, ఇంకో మూడు నుంచి ఐదు నిమిషాలు మరగనివ్వండి. ఉడికినా తెరుచుకోనివి వదిలెయ్యండి.

చేపకి మాత్రం ముందు ఐస్ సంగతి చూసుకోవాలి, వంట సంగతి తర్వాత. కానాగంతలు, సూర (ట్యూనా) లాంటి చేపలు ఎండలో రెండు మూడు గంటలుంటే బ్యాక్టీరియా వాటి మాంసంలో హిస్టమిన్ తయారు చేస్తుంది, అది కూడా ఉడికిస్తే పోదు. తిన్న కాసేపటికి మొహం ఎర్రబడుతుంది, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి, జనం చేప పడలేదు, అలర్జీ అనుకుంటారు. పడిన చేపని బకెట్లో కొట్టుకోనివ్వకుండా వెంటనే చంపి, మొప్పల దగ్గర కోసి నెత్తురు పోనిచ్చి, ఐస్ రెండు వంతులు, సముద్రపు నీళ్ళు ఒక వంతు కలిపిన పెట్టెలో ముంచండి. ఉత్త ఐస్ ముక్కల మీద పెట్టినదానికంటే ఇలా చాలా తొందరగా చల్లబడుతుంది. వదిలే చేపనైతే చెయ్యి తడుపుకునే పట్టుకోండి, పొడి చెయ్యి దాని ఒంటి మీది జిగురు పొర తీసేస్తుంది. గాలం లోపలిదాకా మింగేస్తే లాగి చీల్చకండి, లైన్ దగ్గరగా కోసి వదలండి. తెగిన నైలాన్ ముక్కలన్నీ జేబులో వేసుకుని రండి.

పేరు తెలియని చేప తినకండి. ముఖ్యంగా పట్టుకోగానే బుడగలా ఉబ్బేది. దాని విషం కూడా వంటకి లొంగదు. 1774లో కెప్టెన్ కుక్ న్యూ కాలెడోనియా దగ్గర అలాంటి చేప కాలేయం ఊరికే రుచి చూశాడు. రాత్రికి కాళ్ళూ చేతులూ మొద్దుబారి, నీళ్ళు నిండిన పాత్రకీ ఈకకీ బరువులో తేడా తెలియలేదని రాసుకున్నాడు. మిగిలిన పేగులు తిన్న పంది పొద్దున్నకి చచ్చి పడుంది. పెద్ద బరాకుడా (మూతి పొడుగ్గా, పళ్ళు బయటికి ఉంటాయి) లాంటి పగడపు దిబ్బల చేపల్లో కొన్ని చోట్ల సిగ్వాటెరా అనే ఇంకో విషం చేరుతుంది, చేప ఎంత పెద్దదైతే అంత ప్రమాదం.

మామగారి దగ్గరికొద్దాం. ఆయన్ని రమ్మనండి, పియర్ మీద కుర్చీ వేసుకుని గాలం పట్టుకోవచ్చు, తాజాగా ఐస్‌లో పెట్టిన చేప బాగా వండితే, డాక్టరు వద్దనకపోతే, తినొచ్చు. కానీ లివర్ జబ్బున్నవాళ్ళు పచ్చి గుల్లలు, సగం ఉడికిన గుల్లలు ఒక్కటి కూడా తినకూడదు. వెచ్చని సముద్రపు నీళ్ళలో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని మామూలుగా పెద్దగా ఏమీ చెయ్యదు, లివర్ పాడైన మనిషి రక్తంలో చేరితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తియ్యగలదు. ఉడికించిన గుల్లల విషయం కూడా ముందు ఆయన డాక్టరునే అడగండి. ఆ బ్యాక్టీరియా గాయంలోంచి కూడా లోపలికి వెళ్తుంది. కాబట్టి ఒంటి మీద మానని పుండు, కొత్త గాటు ఉంటే ఆయన నీళ్ళలో దిగకూడదు, పచ్చి గుల్లలు, చేపలు శుభ్రం చెయ్యకూడదు, గాలానికి ఎర గుచ్చే పని కూడా ఇంకొకరు చేసి పెట్టాలి. బూట్లు, చేతికి గట్టి గ్లోవ్స్ వేయించండి. ఆ రోజు ముల్లో, గుల్ల అంచో గీసుకుంటే వెంటనే మంచినీళ్ళతో, సబ్బుతో కడిగి కట్టు కట్టండి. మర్నాటికి ఆ చోట వాచి, ఎర్రబడి, బొబ్బలొచ్చినా, జ్వరం తగిలినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళి రెండు మాటలు స్పష్టంగా చెప్పండి: లివర్ జబ్బు ఉంది, నిన్న సముద్రపు నీళ్ళు తగిలాయి. ఆ రెండో మాట చెప్పకపోతే డాక్టరుకి విబ్రియో తట్టకపోవచ్చు.